వడ్రంగి ముత్తాత జాడ ఏ దస్త్రంలో ఉంటుంది?

రైతు ఇంట్లో పట్టా ఉంటుంది. కరణం ఇంట్లో లెక్కల కట్టలు ఉంటాయి. పురోహితుడి ఇంట్లో ప్రవరతో పాటు నాలుగు తాటాకులైనా మిగులుతాయి. వడ్రంగి, కమ్మరి, కంచరి, కుమ్మరి, సాలె కుటుంబాల్లో మాత్రం మూడో తరం దాటగానే మాట ఆగిపోతుంది. తాత పేరు తెలుసు, తాత తండ్రి పేరు చెప్పగలరు, ఆ పైన 'ఎక్కడినుంచో వచ్చారట' అన్న మాటే మిగులుతుంది. తరతరాలుగా ఊరికి నాగళ్లు, బండ్లు, తలుపులు, బిందెలు, బట్టలు అందించిన మనుషుల గురించి ఇంత తక్కువ తెలియడం బాధ కలిగించే విషయం. అయితే దస్త్రాలు అసలు లేకపోవడం ఇందుకు కారణం కాదు. ఉన్న దస్త్రాలు వృత్తి పేరుతో కట్టగట్టినవి కావు కాబట్టి వెతికేవారికి అవి ఎదురుపడవు.

పల్లెలో వృత్తిదారుడికి అందే ప్రతిఫలం చాలావరకు కళ్లంలోనే కొలిచేవారు. పంట నూర్చాక వడ్రంగికి ఇంత, కమ్మరికి ఇంత, మంగలికి ఇంత అని మేర ఇచ్చేవారు. అందుకు రసీదు ఉండదు, ఒప్పందం రాసుకోవడం ఉండదు. కాడిమాను విరిగితే ఎవరు సరిచేశారో ఏ పుస్తకంలోనూ ఎక్కదు. ఆ మనిషి కాగితం మీదికి వచ్చినదల్లా భూమి పట్టినప్పుడు, పన్ను కట్టినప్పుడు, అప్పు చేసినప్పుడు, దావాలో నిలబడినప్పుడు, చనిపోయినప్పుడు మాత్రమే. ఈ సందర్భాలన్నీ ఒక స్థలాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి. ఒక ఇల్లు, ఒక మాన్యం, ఒక వీధి, ఒక హద్దు ఏదో ఒకటి ఉంటుంది. అందువల్ల పేరు పట్టుకొని వెతికేవారి కంటే స్థలం పట్టుకొని వెతికేవారికే ఫలితం ఎక్కువ.

పేరును నమ్ముకోలేకపోవడానికి బలమైన కారణాలున్నాయి. పెద్ద మనవడికి తాత పేరు పెట్టే ఆచారం వల్ల ఒకే ఇంట్లో ఒక తరం విడిచి ఒక తరం అదే పేరు నడుస్తుంది. ఒక దస్తావేజులో కనిపించిన వెంకటాచలం ముత్తాతో, ముత్తాతకు తాతో పేరును బట్టి తేల్చడం సాధ్యం కాదు. తండ్రి పేరు చూసినా అదే చిక్కు, ఎందుకంటే ఆ ఇద్దరి తండ్రుల పేర్లూ ఒకటే కావచ్చు. పాత రెవెన్యూ లెక్కల్లో ఇంటిపేరు తరచుగా ఉండదు. ఒకచోట 'వడ్ల' అని పేరు ముందు చేరిన మనిషే మరోచోట పేరు చివర 'ఆచారి'తో, ఇంకోచోట వట్టి పేరుతో ఉంటాడు. పైగా ఇక్కడ మనం ముఖ్యంగా చూసే చిత్తూరు సీమలో తెలుగు, తమిళం కలిసి నడిచాయి కాబట్టి ఒకే పేరు ఒక కచేరీలో తెలుగు తీరున, మరో కచేరీలో తమిళ తీరున నమోదయింది. ఆ రెంటినీ ఇంగ్లిషు గుమస్తా తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు. ఊరు, వీధి, సర్వే నంబరు, హద్దు మాత్రం ఇంతగా రూపు మార్చుకోవు.

వెతుకులాట ఇంట్లోనే మొదలవ్వాలి. పెద్దలు ఏళ్లు చెప్పలేరు, కానీ కరువులు చెబుతారు. 'మా జేజినాయన ధాత కరువునాటికి చేతికొచ్చిన పిల్లోడంట' అన్న ఒక్క మాట విలువైన ఆధారం. ధాత నామ సంవత్సరం 1876లో మొదలైంది. 1876-78 నాటి మహా కరువును రాయలసీమ, ఉత్తర ఆర్కాటు పల్లెలు ఆ పేరుతోనే గుర్తుపెట్టుకున్నాయి. అప్పటికి పనికి తోడు వచ్చే పిల్లవాడంటే 1860ల నడుమ పుట్టి ఉంటాడని అంచనా కట్టవచ్చు. సంవత్సరాల పేర్లు 60 ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి కాబట్టి, ఏ ఆవృత్తమో తేల్చుకున్న తర్వాతే ఆ పేరును ఇంగ్లిషు సంవత్సరంగా మార్చుకోవాలి.

ఇత్తడి సామానును కూడా చదవాలి. పెళ్లికి పెట్టిన బిందె అంచు కింద, గంగాళం మెడ చుట్టూ, సన్నని ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలుంటాయి. ఇచ్చినవారి పేరు, ఒక్కోసారి ఊరు, అరుదుగా తేదీ కూడా ఉంటుంది. చింతపండుతో తోమీ తోమీ అరిగిపోయిన ఆ చుక్కల మీద పక్కవాటుగా దీపం వెలుగు పడేలా పెట్టి ఫొటో తీస్తే మామూలుగా కనబడని అక్షరాలు తేలుతాయి. అమ్మమ్మ పుట్టింటి ఊరు ఏదో ఎవరూ చెప్పలేని కుటుంబానికి ఆ ఒక్క గిన్నె రెండో ఊరి దారి చూపుతుంది. ట్రంకు పెట్టెల్లో ఉండే పాత ప్రోనోట్లు, ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకాలు, పన్ను రసీదులు ఇదే కోవలోనివి. తేదీ చెరిగిపోయిన కాగితం మీద స్టాంపు బొమ్మ ఉంటే కాలం కొంత తెలుస్తుంది: విక్టోరియా రాణి 1901 జనవరి వరకు, ఎడ్వర్డు 1910 వరకు, అయిదో జార్జి 1936 మొదటి నెల వరకు గద్దె మీద ఉన్నారు. పాత స్టాంపులు కొంతకాలం చెల్లుబాటయ్యేవి కాబట్టి, బొమ్మ ఆ కాగితం ఏ కాలానికి ముందుది కాదో మాత్రమే చెబుతుంది.

ఇల్లు దాటాక ఎదురయ్యే మొదటి చిక్కు జిల్లాది. చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ప్రాంతాలు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి, తిరుపతి చంద్రగిరి తాలూకాలోది. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోనివి. ఆ ఉత్తర ఆర్కాటుకు ముఖ్యపట్టణం కూడా చిత్తూరే. 1911 తర్వాత అది వేలూరుకు మారింది. 1960 ఏప్రిల్ 1న రాష్ట్రాల సరిహద్దుల మీద పటాస్కర్ చేసిన సిఫార్సుల ప్రకారం తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రానికి వెళ్లి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడింది. ఊరు కదలకుండానే దాని దస్త్రాలు మూడు పేర్ల కింద నమోదయ్యాయి. 1911కు ముందటి చంద్రగిరి తాలూకా జిల్లా స్థాయి కాగితాల కోసం వెతికేవారు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉత్తర ఆర్కాటు పేరు కింద చూడాలి. ఈ వరుస తెలియక 'చిత్తూరు జిల్లా, 1880' అని అడిగితే అక్కడ ఉన్న కట్ట కూడా లేదనే సమాధానం వస్తుంది.

అదే ఊరు రైతువారీదా, జమీందారీదా అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. చిత్తూరు, చంద్రగిరి, మదనపల్లె తాలూకాల్లో చాలా గ్రామాలు నేరుగా సర్కారు లెక్క కిందివి. అక్కడ సర్వే, సెటిల్‌మెంటు (శిస్తు నిర్ణయం) రిజిస్టర్లు, ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) వారీ అడంగళ్లు, అంటే గ్రామ సాగు లెక్కలు ఉంటాయి. శ్రీకాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీల్లో రైతు పేరు జమీందారు కచేరీ లెక్కలోనే ఉండేది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ఆ గ్రామాలకు సర్కారు సెటిల్‌మెంటు జరిగి, ఎస్.ఎఫ్.ఏ. అనే సెటిల్‌మెంటు ఫెయిర్ అడంగల్ తయారైంది. నారాయణవనంలోని సాలె కుటుంబానికి 1890ల సర్కారు అడంగల్ దొరకలేదంటే ఆ కుటుంబం అప్పుడు అక్కడ లేదని అర్థం కాదు. అది కార్వేటినగరం జమీందారీ సీమ అని మాత్రమే అర్థం. ఫసలీని ఇంగ్లిషు సంవత్సరంగా మార్చడం తేలికే: 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన సంవత్సరం వస్తుంది. ఫసలీ 1300 అంటే 1890 జూలై నుంచి 1891 జూన్ వరకు.

పల్లె వృత్తిదారుడి విషయంలో అన్నిటికంటే విలువైన దస్త్రం ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్, మాన్యాలు అనుభవిస్తున్న ప్రతివారినీ విచారించి 1860లలో గ్రామాల వారీగా ఈ రిజిస్టర్లను తయారు చేసింది. గుడి మాన్యాలు, బ్రాహ్మణ మాన్యాలతో పాటు వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, మంగలి, చాకలి సేవా మాన్యాలు కూడా ఇందులో ఎక్కాయి. మాన్యం ఎందుకు ఇచ్చారు, ఎంత విస్తీర్ణం, మొదట ఎవరికి ఇచ్చారు, పాత లెక్కల్లో ఎవరి పేరు ఉంది, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, వారి వయసెంత, మొదటి గ్రహీతకు ఏమవుతారు అన్న వివరాలు గళ్ల వారీగా ఉంటాయి. ఒక పల్లె కమ్మరికి ఇంతకుమించిన జీవిత పత్రం మరొకటి దొరకడం కష్టం. 1862లో 40 ఏళ్లవాడిగా నమోదైన మనిషి 1820ల ప్రాంతంలో పుట్టి ఉంటాడు. 'మొదటి గ్రహీతకు మనవడు' అని పక్కన ఉంటే ఆ కుటుంబం ఆ ఊళ్లో పద్దెనిమిదో శతాబ్దం చివరికి చేరిపోతుంది. వయసును అంచనాగా రాసే అలవాటు వల్ల 35, 40, 50 వంటి గుండు సంఖ్యలు ఎక్కువగా కనబడతాయి. అటూ ఇటూ అయిదారేళ్లు వదిలిపెట్టుకొని లెక్క కట్టడం మంచిది.

ఈ రిజిస్టరు ఊరికి ఎలా అతుకుతుందో చూడాలి. కమిషన్ ఖరారు చేసిన ప్రతి మాన్యానికీ టైటిల్ డీడ్ నంబరు, అంటే టి.డి. నంబరు ఇచ్చారు. ఆ నంబరు తర్వాతి సెటిల్‌మెంటు రిజిస్టరులోనూ కనబడుతుంది కాబట్టి, పాత పైమాషీ (మునుపటి భూకొలత) నంబరుకూ తర్వాతి సర్వే నంబరుకూ అదే లంకె. కమ్మరి మాన్యం, వడ్ల మాన్యం అని ఇప్పటికీ పిలిచే చేలు చిత్తూరు పల్లెల్లో ఉన్నాయి. ఆ చేను సర్వే నంబరు తెలుసుకొని వెనక్కి నడిస్తే 1860ల మనిషి దగ్గరికి చేరవచ్చు. ముందుకు నడిస్తే 1956 నాటి ఆంధ్ర ఇనాంల రద్దు చట్టం కింద జరిగిన విచారణ ఎదురవుతుంది. ఎవరికి రైతువారీ పట్టా ఇవ్వాలో తేల్చడానికి అప్పుడు వారసులను విచారించారు. ఈ రెండు విచారణల నడుమ సుమారు వందేళ్లు ఉన్నాయి, అంటే నాలుగు తరాలు. రెండు కొసలూ చేతికొస్తే మధ్యలోని తరాలను పూరించడం పెద్ద పని కాదు. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో కొత్త ల్యాండ్ పార్సెల్ నంబరు వచ్చింది. ఈ రెండింటి పొంతన పట్టికను ఇప్పుడే నకలు తీసిపెట్టుకోవడం అవసరం.

గ్రామ స్థాయి కాగితాలు పోవడానికి ఒక చారిత్రక కారణం ఉంది. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులను ప్రభుత్వం రద్దు చేసింది. మరుసటి ఏడాది తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. తరాలుగా కరణాల ఇళ్లలో ఉన్న లెక్కల్లో కొన్ని తహసీలు కచేరీలకు చేరాయి, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి, కొన్ని చెదలపాలయ్యాయి. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు రేగి రెవెన్యూ దస్త్రాలు కాలిపోయిన సంగతి అందరికీ తెలుసు. ఒకే కాగితం గ్రామంలో, తాలూకాలో, జిల్లాలో వేర్వేరు ప్రతులుగా ఉండే పద్ధతి ఉండబట్టి, ఒకచోట పోయింది మరోచోట దొరికే అవకాశం ఇంకా ఉంది.

రిజిస్ట్రేషన్ దస్తావేజులది మరో లోకం. మన దేశంలో దస్తావేజుల రిజిస్ట్రేషన్ 1865 నుంచి క్రమపద్ధతిలో నడుస్తోంది. ఇప్పుడున్నది 1908 నాటి చట్టం. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో నకలు అవుతాయి. దానికి రెండు సూచికలుంటాయి: ఒకటి మనుషుల పేర్లను బట్టి, రెండోది ఊరు, ఆస్తి వివరాలను బట్టి. ముత్తాత పేరుతో మొదటి సూచికలో గంటలు గడిపేవారు రెండో సూచిక అడగరు. నిజానికి ఊరి పేరు కింద వరుసగా ఉన్న ఆస్తులన్నీ చూస్తే, పేరు తప్పుగా పడ్డ మనిషి కూడా దొరుకుతాడు. ఒకటో పుస్తకాన్ని రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు. వీలునామాలు ఉండే మూడో పుస్తకం నకలు, రాసినవారు చనిపోయాక ఎవరు అడిగినా ఇస్తారు. పుస్తకాన్ని వెతికే పని మాత్రం కార్యాలయంవారిదే. ఆన్‌లైన్‌లో తీసుకునే ఈసీ, అంటే ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రం, 1983 వరకే వెనక్కి వెళ్తుంది. అంతకుముందు లావాదేవీలకు చేతిరాత పుస్తకాలే గతి.

పాత విక్రయ దస్తావేజును తొందరపడకుండా చదవాలి. మొదట స్టాంపు కాగితం వెనక్కి తిప్పి చూడాలి. స్టాంపు వెండరు అక్కడ కాగితం అమ్మిన తేదీ, కొన్నవారి పేరు, వారి ఊరు రాసి సంతకం చేసి ఉంటాడు. దస్తావేజు లోపల రాసిన ఊరు, వెనక రాసిన ఊరు వేరైతే ఆ మనిషి అప్పటికే మకాం మార్చాడని అనుమానించవచ్చు. లోపల 'ఫలానా గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, ఫలానా కులం, వడ్రంగం జీవనం' అని మొదలవుతుంది. ఇక్కడ కులం, జీవనం రెండూ విడివిడిగా ఉండటం గమనించాలి. వడ్రంగి కులంలో పుట్టి సేద్యంతో బతికినవారు, సాలె కులంలో పుట్టి తాపీ పనికి మళ్లినవారు ఈ గళ్లలోనే బయటపడతారు. తర్వాత ఆస్తి పిత్రార్జితమా, స్వార్జితమా అన్న మాట వస్తుంది. స్వార్జితం అయితే ఆ తరంలోనే నాలుగు డబ్బులు కూడబెట్టారన్నమాట. ఎందుకు అమ్ముతున్నారో కూడా రాస్తారు: ఫలానా వారికి చెల్లవలసిన ప్రోనోటు బాకీ, కూతురి పెళ్లి ఖర్చు, కుటుంబ అక్కర. చివర సంతకమో, నిశానీయో, వేలిముద్రో ఉంటుంది. అన్న వేలిముద్ర వేసి తమ్ముడు సంతకం చేసిన దస్తావేజు ఆ ఇంట్లో చదువు ఏ తరంలో అడుగుపెట్టిందో చెబుతుంది.

అయితే అన్నిటికంటే ఎక్కువ పట్టి చూడవలసినది చెక్కుబంది. 'తూర్పు: ఫలానా కమ్మరి ఇల్లు, పడమర: వీధి, ఉత్తరం: ఫలానా వారి దొడ్డి, దక్షిణం: మా అన్నగారి భాగం' అని నాలుగు దిక్కులా నలుగురి పేర్లు ఉంటాయి. తన పేరిట ఒక్క దస్తావేజూ రాయించుకోని బీద వృత్తిదారుడు పక్కింటివారి దస్తావేజుల్లో హద్దుగా నిలిచి ఉంటాడు. అప్పటి చట్టం వంద రూపాయల లోపు విక్రయాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయలేదు కాబట్టి, చిన్న ఇంటి స్థలాలు కొన్నవారి పేర్లు సూచికల్లో ఉండవు. వారిని పట్టుకోవాలంటే ఆ వీధిలోని ఇరుగుపొరుగు దస్తావేజులన్నీ చదివి, హద్దులన్నీ ఒక కాగితం మీద గీసుకోవాలి. 1905లో 'తూర్పు: ఫలానా వాడి ఇల్లు' అని ఉన్నచోట 1921లో 'తూర్పు: ఫలానా వాడి భార్య ఇల్లు' అని వస్తే, ఆ పదహారేళ్ల నడుమ ఆయన పోయాడని తెలిసిపోతుంది. పసుపుకుంకుమ కింద కూతురికి ఇచ్చిన గుంట భూమి దస్తావేజు అల్లుడి ఊరిని చూపుతుంది. వృత్తి కుటుంబాల్లో మేనరికాలు, వృత్తి సంబంధాలు ఒకే దారిలో నడిచాయి గనుక, ఆ ఊళ్లో కూడా అదే పని చేసే బంధువులు ఉంటారని ఊహించి వెతకడం సబబే.

మరణ తేదీ విషయంలో తెలుగు కుటుంబాలకు ఒక గట్టి ఆధారం ఉంది. ఏ సంవత్సరమో తెలియకపోయినా తిథి తెలుసు, ఎందుకంటే ఏటా తద్దినం పెట్టాలి. మద్రాసు రాజధానిలో జనన మరణాల నమోదుకు 1899లో చట్టం వచ్చింది. పల్లెల్లో గ్రామాధికారులు, పట్టణాల్లో మునిసిపాలిటీలు రిజిస్టర్లు నిర్వహించాయి. ఒకే పేరుతో ముగ్గురి మరణాలు ఆ రిజిస్టరులో కనబడ్డాయనుకుందాం. ముగ్గురి తేదీలకూ పంచాంగం చూసి మాసం, పక్షం, తిథి కట్టి, ఇంట్లో పెట్టే తద్దినం తిథితో పోల్చితే సాధారణంగా ఒక్కటే సరిపోతుంది. నమోదు ఒకటి రెండు రోజులు ఆలస్యమై ఉండవచ్చు, అర్ధరాత్రి తర్వాత పోయినవారి తేదీ మారి ఉండవచ్చు. కాబట్టి తిథి ఒకటి అటూ ఇటూ అయినా కొట్టిపారేయకూడదు. ఈ సీమలో కొన్ని కుటుంబాలు తమిళ సౌరమానాన్ని పాటిస్తాయి, ముందు ఆ సంగతి ఇంట్లో అడిగి తెలుసుకోవాలి. జనన రిజిస్టరు ఇంత సాయం చేయదు. బిడ్డకు పేరు పెట్టకముందే నమోదు జరిగేది కాబట్టి 'మగ శిశువు' అని మాత్రమే ఉంటుంది. తండ్రి పేరు, వీధి కలిస్తేనే పనికొస్తుంది.

జనాభా లెక్కల్లో ముత్తాత పేరు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోనక్కర్లేదు. లెక్కింపుదారులు ఇంటింటికీ తిరిగి నింపిన పత్రాలు సంఖ్యలు కూడాక నిలవ ఉంచలేదు, 1948 నాటి చట్టం ప్రకారం వ్యక్తిగత వివరాలు ఎవరికీ చూపరు కూడా. అలాగే 1881లో వెలువడిన ఉత్తర ఆర్కాటు జిల్లా మాన్యువల్ వంటి గ్రంథాల్లో వృత్తి కులాల వర్ణన ఉంటుంది. ఆనాటి తెల్లదొరల అభిప్రాయాలు కలిసిన ఆ వర్ణనను తీసి సొంత ముత్తాత జీవితంగా రాసుకోవడం పెద్ద పొరపాటు. కులం గురించి చెప్పింది మనిషి గురించి చెప్పినట్టు కాదు.

పట్టణ వృత్తిదారుడి దారి వేరు. తిరుపతి మునిసిపాలిటీ 1886లో, చిత్తూరు మునిసిపాలిటీ 1917లో ఏర్పడ్డాయి. ఇంటిపన్ను డిమాండు రిజిస్టరులో ఇంటి నంబరు, యజమాని పేరు ఏడాది తర్వాత ఏడాది వరుసగా వస్తాయి. పేరు మారిన ఏడాదే చావో, అమ్మకమో, పంపకమో జరిగిన ఏడాది. వృత్తి పన్ను కట్టినవారి జాబితాలు ఉన్నచోట పని పేరు కూడా ఉంటుంది, కాకపోతే ఒక మోస్తరు రాబడి ఉన్నవారే అందులోకి వస్తారు. కూలికి పోయే వడ్రంగిని ఆ జాబితాలో వెతకడం దండగ.

తిరుమల ఆలయ పనులతో ముడిపడిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. 'మా పెద్దలు స్వామివారి రథం పని చేశారు' అన్న మాట ఆ ఇళ్లలో గర్వంగా చెప్పుకుంటారు, ఆ గర్వం న్యాయమైనది. ఆ మాటకు కాగితం వెతకాలంటే ఏ కాలమో ముందు తేలాలి. ఈస్టిండియా కంపెనీ 1801 నుంచి ఆలయ నిర్వహణను తన చేతుల్లో పెట్టుకొని, 1843లో హాథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. 1933 నుంచి దేవస్థానం కమిటీ పాలన వచ్చింది. 1843కు ముందటి పని అయితే ఉత్తర ఆర్కాటు కలెక్టరు కాగితాల్లో, ఆ తర్వాతి తొంభై ఏళ్లది మఠం హయాం కాగితాల్లో, 1933 తర్వాతది దేవస్థానం కాగితాల్లో వెతకాలి. దేవస్థానం ప్రచురించిన శాసన సంపుటాలు అంతకుముందు శతాబ్దాలకు చెందినవి. వాటిలోని ఒక పేరు ఇప్పటి ఇంటిపేరుతో కలిసినంత మాత్రాన వంశం కలిసిందనుకోకూడదు, నడుమ ఉన్న మూడు నాలుగు వందల ఏళ్లకు లంకె చూపాలి.

కోర్టు కాగితాల గురించి చిత్తూరుకు ప్రత్యేకంగా చెప్పుకోవలసింది ఉంది. విశ్వబ్రాహ్మణులు, అంటే వడ్రంగి, కమ్మరి, కంచరి వంటి వృత్తులవారు, తమ పెళ్లిళ్లను తమ పురోహితులతో వైదిక పద్ధతిలో జరుపుకోవచ్చా అన్న వివాదం చిత్తూరు జిల్లా అదాలతుకు (కోర్టుకు) వెళ్లగా, 1818లో వారికి అనుకూలంగా తీర్పు వచ్చింది. ఒక పెళ్లి పందిట్లో మొదలైన గొడవ అది. ఆ తీర్పును ఆ సమాజంవారు తెలుగులోనూ తమిళంలోనూ మళ్లీ మళ్లీ అచ్చువేసుకున్నారు. వాది ప్రతివాదుల వంశస్థులకే కాక, చేతిపనివారు తమ గౌరవం కోసం ఎలా నిలబడ్డారో తెలుసుకోగోరేవారందరికీ అది చదవదగిన పత్రం. మామూలు కుటుంబానికి దొరికేవి ఇంత పెద్ద దావాలు కావు. మునసబు కోర్టులో పంపకం దావా, ప్రోనోటు దావా వంటివి ఉంటాయి. పంపకం దావా దొరికితే అందులో వంశవృక్షం జతచేసి ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఎవరి వాటా ఎంతో తేల్చడానికి అది లేకుండా కుదరదు.

ఊరు విడిచి వెళ్లినవారి సంగతి మిగిలింది. కుప్పం, పలమనేరు వైపు నుంచి కోలారు బంగారు గనులకు పనికి వెళ్లిన కుటుంబాలు అనేకం. 1880లలో జాన్ టేలర్ కంపెనీ లోతు గనులు తవ్వడం మొదలుపెట్టినప్పటి నుంచి 2001లో గనులు మూతపడేదాకా తరాల తరబడి ఆ రాకపోకలు సాగాయి. గని అంటే తవ్వేవారే కాదు, లోపల దుంగలు నిలిపే వడ్రంగులు, ఉలులు సానపట్టే కమ్మరులు కూడా కావాలి. పల్లె లెక్కల్లో హఠాత్తుగా మాయమైన కమ్మరి కోసం అటువైపు చూడటం సబబు.

ఇంకా దూరం వెళ్లినవారికి ఇంకా మంచి కాగితం ఉండటం ఆశ్చర్యంగా అనిపించినా నిజం. 1860 నవంబరులో మొదటి ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది మొదలు 1911 వరకు భారతదేశం నుంచి లక్షా యాభై రెండు వేల మందికి పైగా ఒప్పంద కూలీలు డర్బన్ ఉన్న నటాల్ సీమకు వెళ్లారు; మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో ఉత్తర ఆర్కాటువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది పుట్టుమచ్చలు రాసుకున్నారు. ఇంట్లో ఉండిపోయిన అన్న గురించి ఇన్ని వివరాలు ఏ ఒక్క కాగితంలోనూ లేవు. నటాల్‌లో వారి సంతతి దగ్గర ఆ జాబితా నకలు ఉంది కానీ, ఇంగ్లిషు గుమస్తా రాసిన ఊరి పేరు ఏ ఊరిదో వారికి తెలియదు. ఇక్కడివారికి ఊరు తెలుసు, ఓడెక్కిన మనిషి సంగతి తెలియదు. 1870లలో 25 ఏళ్ల వయసుతో ఓడెక్కిన ఒక కమ్మరి యువకుడి తండ్రి, 1860లలో తయారైన ఇనాం ఫెయిర్ రిజిస్టరులో నడివయసు మాన్యందారుగా నమోదై ఉండే వీలుంది. ఆ తాలూకా గ్రామాల రిజిస్టర్లలో కమ్మరి మాన్యం పద్దులను మాత్రమే తీసి, తండ్రి పేరు, వయసు, ఊరి పేరు పలికే తీరు మూడూ ఓడ జాబితాతో పోల్చితే ఊరు తేలడానికి మంచి అవకాశం ఉంది. తేలాక ఆ మాన్యం టి.డి. నంబరు పట్టుకొని 1956 తర్వాతి ఇనాం విచారణ దాకా వస్తే, ఓడెక్కని అన్న వారసుల పేర్లు అక్కడ ఉంటాయి.